ఈ జీతం ఎవరి పద్దులో రాయాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఫ్లోరిడా పడమటి తీరంలో, టాంపాకు దక్షిణాన, బీచ్ ఒడ్డునే ఉన్న ఒక కాండో (ఫ్లాట్లు విడివిడిగా, మిగతా భవనం ఉమ్మడిగా యజమానుల సొంతమయ్యే) రిసార్టులో మా మూడు తెలుగు కుటుంబాలకు తలా ఒక యూనిట్ ఉంది. 1980లలో కట్టిన ఏడంతస్తుల భవనం, మొత్తం 72 యూనిట్లు. వీటిలో 48 యూనిట్లను యజమానుల సంఘమైన అసోసియేషనే రెంటల్ ప్రోగ్రాం పేరుతో పర్యాటకులకు అద్దెకు ఇస్తోంది. మిగిలిన 24 యూనిట్ల యజమానులు తామే వచ్చి ఉంటారు, లేకపోతే తాళం వేసి ఉంచుతారు. సిబ్బంది అందరి జీతాలూ అసోసియేషన్ ఖాతా నుంచే వెళ్తున్నాయి. అద్దెకు ఇవ్వని యజమానులు, మెయింటెనెన్స్ రుసుము ప్రతి ఏడాదీ ఎందుకు పెరుగుతోందని నిలదీస్తున్నారు. నిరుడు సెప్టెంబరులో అతిథులు లేక జీతాలకు డబ్బు చాలకపోతే పెద్ద మరమ్మతుల కోసం దాచే రిజర్వు నిధిలోంచి 40,000 డాలర్లు తీసి, ఫిబ్రవరిలో తిరిగి జమ చేశారట. ఈ ఏడాది నన్ను ట్రెజరర్‌గా ఎన్నుకున్నారు. నేను ఎక్కడ మొదలుపెట్టాలి? (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు)

జవాబు: మీ లేఖలో రెండు ఫిర్యాదులు కనిపిస్తున్నా వాటి మూలం ఒకటే. మీ భవనంలో ఒకే కప్పు కింద రెండు సంసారాలు నడుస్తున్నాయి. ఒకటి అసోసియేషన్. పైకప్పు, గోడలు, లిఫ్టులు, ఈత కొలను, భవనం బీమా దాని బాధ్యత, ఆ ఖర్చును డిక్లరేషన్‌లో (కాండోను ఏర్పరచిన మూల పత్రంలో) రాసిన వాటాల ప్రకారం 72 మందీ భరించాలి. రెండోది రెంటల్ ప్రోగ్రాం, అంటే అచ్చమైన హోటల్ వ్యాపారం. దాని రాబడి 48 మందికి వెళ్తున్నప్పుడు దాని ఖర్చు కూడా ఆ 48 మందే భరించడం న్యాయం. ఫ్లోరిడా కాండో చట్టమైన 718వ అధ్యాయం ప్రకారం ఉమ్మడి ఖర్చు అంటే ఏమిటో ఆ చట్టమూ, మీ డిక్లరేషనూ కలిసి నిర్ణయిస్తాయి కాబట్టి, ముందుగా డిక్లరేషన్ తెరిచి, అద్దె వ్యాపారం ఖర్చును అందరిపై వేయవచ్చని అందులో ఎక్కడైనా ఉందేమో చూడండి. అలా లేకపోతే, తాళం వేసి ఉన్న యూనిట్ యజమాని పక్క యూనిట్‌లో దిగిన అతిథి దుప్పట్లు ఉతికించడానికి చందా కడుతున్నట్టే లెక్క.

అందువల్ల మొదటి పనిగా ప్రతి జీతం ఎదురుగా అది ఎవరి పద్దో రాయండి. హౌస్‌కీపర్ల విషయం తేలికే, ఎందుకంటే గదులు శుభ్రం చేసే గంటలు రెంటల్ ప్రోగ్రాంవి, వరండాలు, లాబీ, ఈత కొలను చుట్టూ ఊడ్చే గంటలు అసోసియేషన్‌వి. చిక్కు వచ్చేది మరమ్మతుల మనిషి దగ్గర. అతని ఒక వారాన్ని దగ్గరగా చూడండి. సోమవారం ఉదయం కొలను పంపు ఫిల్టరు కడుగుతాడు, అది అందరిదీ. పది గంటలకు నాలుగో అంతస్తులో అతిథికి తలుపు కోడ్ పనిచేయదు, మధ్యాహ్నం మరో యూనిట్‌లో సింకు పూడుకుపోతుంది, సాయంత్రం ఇంకెవరికో ఏసీ చల్లబడదు, ఇవన్నీ అద్దె పనులు. వారాంతానికి 40 గంటల్లో 26 అతిథుల పిలుపులకే పోయాయనుకుందాం. గంటకు 25 డాలర్ల చొప్పున ఆ వారం వెయ్యి డాలర్లలో 650 రెంటల్ ప్రోగ్రాం కట్టాలి, 350 అసోసియేషన్ కట్టాలి. యజమాని వాటాగా కట్టే 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నును, పనిలో గాయపడినవాళ్లకు ఇచ్చే వర్కర్స్ కంపెన్సేషన్ బీమాను కూడా అదే నిష్పత్తిలో విడదీయాలి. ఇందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. టైమ్‌షీట్‌లో 'ఉమ్మడి', 'అద్దె' అని రెండు గడులు ఉంచి, ఎక్కడ ఏ పని చేశాడో ఆ రోజే రాయిస్తే చాలు. నెలాఖరున జ్ఞాపకం మీద రాసిన టైమ్‌షీట్‌ను ఏ ఆడిటరూ నమ్మడు, నమ్మకూడదు కూడా.

ఫ్రంట్ డెస్క్ జీతాన్ని ఇంత కచ్చితంగా విడదీయడం కుదరదు. ఆ కుర్చీలో ఉన్న మనిషి అతిథులకు గదులు కేటాయించడంతో పాటు యజమానుల పార్సెళ్లు తీసుకుంటాడు, ప్లంబర్‌కు తాళాలు ఇస్తాడు, రాత్రి పూట గొడవ జరిగితే పోలీసులకు ఫోన్ చేస్తాడు. రద్దీ కాలంలో రెండు వారాలు, ఖాళీ కాలంలో రెండు వారాలు పనులను లెక్కపెట్టించి, వచ్చిన నిష్పత్తిని బోర్డు సమావేశంలో తీర్మానంగా రాసుకుని, ఏడాదికొకసారి సరిచూడండి. ఆ నిష్పత్తి అంగుళం తేడా లేకుండా ఉండనక్కర్లేదు, కాని దాన్ని ఎలా తేల్చారో ఎవరు అడిగినా చూపించగలగాలి. అతిథుల వల్ల లిఫ్టు ఎక్కువ అరుగుతుందని, బీచ్ తువ్వాళ్లు మాయమవుతున్నాయని వాదించేవాళ్లు ప్రతి భవనంలోనూ ఉంటారు. అక్కడిదాకా వెళ్లకండి, జీతాల పద్దు తేలితే వివాదంలో పెద్ద భాగం తేలినట్టే.

ఈ వాదులాట ఎంత డబ్బు గురించో ఒక ఉదాహరణ చూడండి. అద్దె వ్యాపారానికి చెందిన 1,80,000 డాలర్ల జీతాలు ఏడాది పొడవునా పొరపాటున ఉమ్మడి పద్దులో పడ్డాయనుకుందాం. వాటాలు సమానమైతే ఒక్కొక్క యూనిట్‌పై 2,500 డాలర్లు పడుతుంది. అద్దెకు ఇవ్వని 24 మంది కలిసి 60,000 డాలర్లు, తమకు పైసా రాబడి లేని వ్యాపారానికి ఇచ్చినట్టు. వాళ్లు నిలదీయడంలో తప్పేముంది?

ఇక రిజర్వు నిధి. ఫిబ్రవరిలో తిరిగి జమ చేశారు కాబట్టి నష్టమేమీ జరగలేదని మీ బోర్డులో ఎవరైనా అనవచ్చు, చట్టం ఆ మాట ఒప్పుకోదు. ఫ్లోరిడాలో రిజర్వు సొమ్మును వేరే పనికి వాడాలంటే మొత్తం ఓట్లలో సగానికి మించి యజమానుల ఆమోదం ముందుగానే ఉండాలి. పెట్టుబడి కోసం రిజర్వునూ రోజువారీ నిధినీ ఒకే ఖాతాలో ఉంచినా, ఆ ఖాతా నిల్వ రిజర్వు మొత్తం కంటే ఏ ఒక్క రోజూ తగ్గకూడదు. 2021 జూన్ 24న మయామీ దగ్గరి సర్ఫ్‌సైడ్‌లో చాంప్లైన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల కాండో కూలి 98 మంది చనిపోయిన తరువాత ఈ విషయంలో పట్టు మరింత బిగిసింది. 2022లో వచ్చిన చట్టం ప్రకారం, మూడంతస్తులు, అంతకు మించిన నివాస కాండో భవనాలకు పైకప్పు, నిర్మాణం, అగ్నిమాపక వ్యవస్థ, ప్లంబింగ్, విద్యుత్తు, వాటర్‌ప్రూఫింగ్, కిటికీల వంటి వాటిపై పదేళ్లకొకసారి నిర్మాణ భద్రతా రిజర్వు అధ్యయనం (దేని మరమ్మతుకు ఎంత దాచాలో తేల్చేది) తప్పనిసరి. 2024 డిసెంబరు 31 నుంచి ఆమోదించే బడ్జెట్లలో ఆ పద్దులను ఓటు వేసి ఎత్తేయడానికి గాని, ఆ డబ్బును ఇతర ఖర్చులకు మళ్లించడానికి గాని వీల్లేదు. 2025లో కొన్ని సడలింపులు ఇచ్చారు కాని, సెప్టెంబరు జీతాలకు అవి దారి చూపవు. మీది 1980ల నాటి భవనం కాబట్టి, 30 ఏళ్లకు జరగాల్సిన మైల్‌స్టోన్ తనిఖీ (భవనం దృఢత్వ పరీక్ష) పూర్తయిందో లేదో కూడా ఈ వారమే అడగండి. నిరుటి 40,000 డాలర్ల సంగతిని బోర్డు మినిట్స్‌లో నమోదు చేయించి, అసోసియేషన్ న్యాయవాదికి చూపించండి. దాచిపెట్టిన కోశాధికారికి వచ్చే చిక్కు, బయటపెట్టిన కోశాధికారికి రాదు.

మరి సెప్టెంబరులో జీతాలు ఎలా ఇవ్వాలి? మీ వైపు తీరంలో జనవరి మధ్య నుంచి ఈస్టర్ వరకు ఉత్తరాది చలి నుంచి పారిపోయి వచ్చేవాళ్లతో గదులు నిండుతాయి, జూన్, జులైలలో పిల్లలున్న కుటుంబాలు వస్తాయి, సెప్టెంబరు, అక్టోబరు బోసిపోతాయి. ఫ్లోరిడా వాయవ్య భాగమైన పాన్‌హ్యాండిల్‌లోని డెస్టిన్, పనామా సిటీ బీచ్ వైపు వేసవే పంట కాలం కాబట్టి అక్కడివాళ్ల పట్టిక మీకు పనికిరాదు. గత మూడేళ్ల నెలవారీ రాబడీ ఖర్చులూ పక్కపక్కన పెట్టి, ఖాళీ నెలల్లో జీతాలకు ఎంత తక్కువ పడుతుందో చూసి, ఆ మొత్తాన్ని మార్చి నెల అద్దెలు యజమానులకు పంచకముందే రెంటల్ ప్రోగ్రాం ఖాతాలో పక్కన పెట్టండి. 48 మందీ గొణుగుతారు. వ్యాపారం నడపాలనుకున్నవాళ్లు దానికి పెట్టుబడి పెట్టక తప్పదు. దాంతో పాటు రెంటల్ ప్రోగ్రాం పేరిట బ్యాంకు నుంచి చిన్న క్రెడిట్ లైన్ (అవసరమైనప్పుడు వాడుకునే అప్పు) తెచ్చుకుంటే రిజర్వు వైపు ఎవరి చూపూ పోదు.

రాబడి లెక్కలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఫిబ్రవరి బస కోసం అతిథి అక్టోబరులో కట్టిన బయానా ఇంకా అతనిదే, అది మీ ఆదాయం కాదు. ఆరు నెలలకు, అంతకు తక్కువకు ఇచ్చే అద్దెలపై వసూలు చేసే 6 శాతం రాష్ట్ర అమ్మకపు పన్ను, దానికి అదనంగా కౌంటీ వేసే పర్యాటక పన్ను కూడా ప్రభుత్వం సొమ్మే. ఉద్యోగుల జీతాల నుంచి మినహాయించిన పన్నును తెలిసి తెలిసి వేరే ఖర్చుకు వాడితే, ఆ నిర్ణయానికి బాధ్యుడైన వ్యక్తి నుంచి మొత్తానికి మొత్తం జరిమానాగా వసూలు చేసే అధికారం ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు ఉంది. చెక్కులపై సంతకం మీది కాబట్టి ఇది ప్రత్యేకంగా మీకే చెబుతున్నాను.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. సొమ్మును తాకే ప్రతి ఒక్కరినీ కవర్ చేసే ఫిడెలిటీ బాండ్ (ఎవరైనా సొమ్ము కాజేస్తే నష్టం భరించే బీమా), చేతిలో ఉండగల గరిష్ఠ మొత్తానికి సరిపోయేలా ఉండాలి. ఏడాది రాబడి 5,00,000 డాలర్లు గాని, అంతకు మించి గాని ఉంటే ఆడిట్ చేసిన నివేదిక యజమానులకు ఇవ్వాలి. చాలా అసోసియేషన్లు అలవాటుగా దాఖలు చేసే 1120-హెచ్ పన్ను ఫారం మీకు వర్తించకపోవచ్చు. దానికి యూనిట్ల మొత్తం విస్తీర్ణంలో 85 శాతం నివాసాలై ఉండాలి, ఏడాదిలో సగం రోజులకు మించి 30 రోజుల లోపు బసలకు వాడిన యూనిట్ ఆ లెక్కలోకి రాదు. మీ 48 యూనిట్లలో అలాంటివి ఎన్నో మీ సీపీఏతో (అకౌంటెంటుతో) కూర్చుని తేల్చండి.

ప్రశ్న: మా రిసార్టులో హౌస్‌కీపర్లకు గదికి ఇంత అని ఇస్తాం. శనివారం అతిథులు ఒకేసారి మారతారు కాబట్టి రద్దీ వారాల్లో 48 గంటలు కూడా పని చేస్తారు. గది లెక్కన ఇస్తున్నప్పుడు ఓవర్‌టైమ్ ఉండదని మా మేనేజర్ అంటున్నారు. వాళ్లను కాంట్రాక్టర్లుగా చూపి 1099 (కాంట్రాక్టర్లకు ఇచ్చే పన్ను పత్రం) ఇస్తే పేరోల్ గొడవే ఉండదని కూడా ఆయన సలహా. అతిథులు వదిలే టిప్పుల్లో సూపర్‌వైజర్ వాటా తీసుకుంటున్నారని ఒకామె నాకు చెప్పి ఏడ్చింది. (బోర్డు సభ్యురాలు, ఓర్లాండోలో నివాసం)

జవాబు: అమ్మా, మీ మేనేజర్ చెప్పిన రెండు మాటలూ తప్పే. గది లెక్కన ఇవ్వడం నేరం కాదు కాని, 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం దృష్టిలో చివరికి చూసేది గంటలనే. ఒకామె 48 గంటల్లో శుభ్రం చేసిన గదులకు 816 డాలర్లు వచ్చాయనుకోండి. 816ను 48తో భాగిస్తే గంటకు 17 డాలర్లు, అది ఆ వారానికి ఆమె మామూలు రేటు. 40 దాటిన 8 గంటలకు మామూలు రేటు ఇప్పటికే 816లో చేరిపోయింది కాబట్టి, పైన సగం, అంటే గంటకు 8.50 చొప్పున 68 డాలర్లు కలిపి మొత్తం 884 ఇవ్వాలి. ఆ 68 డాలర్లు ప్రతి రద్దీ వారంలోనూ, ప్రతి హౌస్‌కీపర్‌కూ ఎగ్గొడుతూ పోతే, రెండు మూడేళ్ల బాకీ, దానికి సమానంగా నష్టపరిహారం, పైగా వాళ్ల లాయరు ఫీజు కలిసి ఒకే రోజున మీద పడతాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. గదులు తక్కువగా ఉన్న వారంలోనూ, అతిథులు గది ఆలస్యంగా ఖాళీ చేస్తే హౌస్‌కీపర్ వరండాలో ఎదురుచూసిన సమయాన్ని కూడా కలిపి భాగించినప్పుడు, గంటకు కనీస వేతనం కంటే తగ్గకూడదు. ఫ్లోరిడాలో అది 2025 సెప్టెంబరు 30 నుంచి 14 డాలర్లు, 2026 సెప్టెంబరు 30 నుంచి 15 డాలర్లు.

1099 సంగతి కాగితం మీద తేలేది కాదు. ఏ గది ఎప్పుడు శుభ్రం చేయాలో మీరు చెబుతున్నారు, దుప్పట్లు, శుభ్రం చేసే మందులు, బండి మీరు ఇస్తున్నారు, యూనిఫాం మీది, ఆమె వేరే చోట వ్యాపారం చేయడం లేదు. అలాంటి మనిషి ఉద్యోగే. ఒకవేళ సొంత బీమా, సొంత సిబ్బంది ఉన్న క్లీనింగ్ కంపెనీతో ఒప్పందం చేసుకుంటే అది వేరే మాట. అప్పుడు కూడా ఆ కంపెనీ వర్కర్స్ కంపెన్సేషన్ బీమా పత్రం చేతికి వచ్చాకే మొదటి చెక్కు ఇవ్వండి.

టిప్పుల గురించి 2018 నుంచి చట్టం సూటిగా ఉంది, యజమాని గాని, మేనేజర్ గాని, సూపర్‌వైజర్ గాని ఉద్యోగుల టిప్పులు తీసుకోరాదు. సూపర్‌వైజర్ అన్న పేరు కంటే చేసే పని ముఖ్యం. ఇద్దరిపైనో అంతకు మించో పెత్తనం చేస్తూ, ఎవరిని పెట్టుకోవాలి, ఎవరిని తీసేయాలి అన్నదాంట్లో మాట చెల్లే మనిషి అయితే ఆ నియమం వర్తిస్తుంది. అయితే బిల్లులో మీరే తప్పనిసరిగా వేసే సర్వీస్ చార్జి చట్టం దృష్టిలో టిప్పు కాదు, అది రిసార్టు రాబడి. చాలామంది అతిథులు ఆ చార్జి పనివాళ్లకే వెళ్తుందనుకుని బల్ల మీద ఏమీ పెట్టకుండా వెళ్లిపోతారు కాబట్టి, అందులో కొంత హౌస్‌కీపర్లకు పంచే రిసార్టులకే మంచి మనుషులు నిలుస్తారని నా అభిప్రాయం. ఏడ్చిన ఆమె పేరు మాత్రం సమావేశంలో చెప్పకండి. ఫిర్యాదు చేసినందుకు పని గంటలు తగ్గించడం మరో ఉల్లంఘన అవుతుంది.

ప్రశ్న: మా అత్తమామలు విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చారు. మామగారు ఇండియాలో బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు, లెక్కల్లో దిట్ట. సీజనులో మా రిసార్టు ఫ్రంట్ డెస్క్‌లో ఆయన్ను ఊరికే కూర్చోబెడితే తప్పా? జీతం ఇవ్వం.

జవాబు: తప్పే. మామూలుగా జీతం ఇచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేయించినా, బి-2 (విజిటర్) వీసా మీద అది అనుమతి లేని పనిగా పరిగణించే ప్రమాదం ఉంది. దాని ఫలితం రిసార్టు కంటే మీ మామగారి తరువాతి వీసా మీదే ఎక్కువగా పడుతుంది. కొత్తగా చేరే ప్రతి ఉద్యోగికీ మొదటి రోజే, పని చేసే అర్హతను నిర్ధారించే ఐ-9 ఫారంలో అతని భాగం, మూడు పనిదినాల్లో మీ భాగం పూర్తి కావాలి. ఆ ఫారం నింపలేని మనిషిని డెస్క్ వెనక్కి రానీయవద్దు. ఆయన్ను బీచ్‌లో హాయిగా నడవనివ్వండి.

ప్రశ్న: తుపాను వచ్చి రిసార్టు మూతపడితే సిబ్బంది జీతాలు, మరమ్మతుల డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? బీమా ఉంది కదా అని మా అధ్యక్షుడు నిశ్చింతగా ఉన్నారు. (సరసోటా వైపు రిసార్టులో యూనిట్ యజమాని)

జవాబు: 2022 సెప్టెంబరు 28న ఇయన్, 2024 సెప్టెంబరు 26న హెలీన్, అది వెళ్లిన రెండు వారాలకే, అక్టోబరు 9న, మీ సియెస్టా కీ దగ్గరే మిల్టన్ తీరం దాటాయి. ఇవి చూశాక కూడా నిశ్చింతగా ఉన్నారంటే మీ అధ్యక్షుడు పాలసీ చదవలేదనే అనుకోవాలి. హరికేన్ డిడక్టిబుల్ (బీమా డబ్బు రాకముందు మీరే భరించాల్సిన భాగం) మామూలు డిడక్టిబుల్ లాగా డాలర్లలో కాక, బీమా చేసిన విలువలో శాతంగా ఉంటుంది. భవనాన్ని 3 కోట్ల డాలర్లకు బీమా చేసి, డిడక్టిబుల్ 5 శాతం అని రాసి ఉంటే, మొదటి 15 లక్షల డాలర్లు అసోసియేషన్ జేబులోంచే రావాలి. 60 యూనిట్ల భవనమైతే యూనిట్‌కు 25,000 డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్ (యజమానుల నుంచి చేసే ప్రత్యేక వసూలు) అన్నమాట. గాలి నష్టానికి ఇచ్చే పాలసీ సముద్రపు పోటు వల్ల వచ్చిన వరదకు ఇవ్వదు. ఫెడరల్ వరద బీమాలో కాండో భవనానికి గరిష్ఠ పరిమితి యూనిట్‌కు 2,50,000 డాలర్ల లెక్కన, లేదా భవనం పునర్నిర్మాణ వ్యయం, రెండింటిలో ఏది తక్కువైతే అది. యజమానులు విడిగా తీసుకునే హెచ్ఓ-6 పాలసీలో లాస్ అసెస్‌మెంట్ కవర్ (అలాంటి వసూలులో మీ వాటాకు ఇచ్చేది) చట్టం ప్రకారం కనీసం 2,000 డాలర్లు ఉంటుంది, మీ డిడక్టిబుల్ ముందు అది ఏ మూలకూ రాదు. దాన్ని పెంచుకునే వీలుందేమో మీ ఏజెంటును అడగండి.

జీతాల విషయానికొస్తే, గంటల లెక్కన పనిచేసేవాళ్లకు పని చేయని గంటలకు ఇవ్వాలని ఫెడరల్ చట్టం చెప్పదు. నెల జీతం మీద ఉన్న, ఓవర్‌టైమ్ వర్తించని మేనేజర్ ఆ వారంలో కొంత పని చేశాక మీరు రిసార్టు మూసినా, వారం జీతం పూర్తిగా ఇవ్వాలి. పని పోయినవాళ్లకు ఫ్లోరిడా ఇచ్చే నిరుద్యోగ భృతి వారానికి 275 డాలర్లకు మించదు, దానితో అక్కడ అద్దె ఇల్లు నిలుపుకోవడం కష్టం. నీళ్లు తీశాక మళ్లీ తెరిచే రోజుకు మీ హౌస్‌కీపర్లు వేరే చోట పనికి కుదిరిపోయి ఉంటారు. అందువల్ల కనీసం నాలుగు వారాల కీలక సిబ్బంది జీతాలకు సరిపడా మొత్తాన్ని రెంటల్ ప్రోగ్రాం విడిగా దాచుకోవాలని, అద్దె రాబడి నష్టానికి బీమా తీసుకోవాలని నా సలహా. ఆ బీమా ఎన్ని రోజుల నిరీక్షణ తరువాత మొదలవుతుందో, భవనానికి దెబ్బ తగలకుండా కేవలం ఖాళీ చేయమన్న ఆదేశం వల్ల మూసినప్పుడు కూడా ఇస్తుందో లేదో సంతకానికి ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. తుపాను తరువాత తడిసిన కార్పెట్లు ఎత్తేవాళ్లు, అతిథులకు ఫోన్ చేసి బుకింగులు రద్దు చేసేవాళ్లు టైమ్‌షీట్‌లో 'ఉమ్మడి', 'అద్దె' గడులు నింపడం ఆ వారంలో కూడా మానకూడదు. ఏది భవనం నష్టమో, ఏది వ్యాపార నష్టమో నష్టాన్ని అంచనా వేసే బీమా అడ్జస్టరు అడిగేది ఆ కాగితాలనే.